చిన్న మిర్రర్‌లెస్ కెమెరాకు పోర్ట్రెయిట్ ప్రైమ్ లెన్స్: సమస్య - పరిష్కారం

కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటు వచ్చే జూమ్ లెన్స్) తీసిన మనుషుల ఫోటోలు నచ్చక ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) కొనాలనుకుంటున్నవారికి, కొన్న తరువాత కూడా తృప్తి దొరకనివారికి ఎదురయ్యే ఇబ్బందులను ఇక్కడ చూద్దాం. అంకెలు ప్రధానంగా ఏపీఎస్-సీ అనే మధ్యస్థ పరిమాణపు సెన్సర్‌కు చెప్పినవి. అంతకన్నా చిన్న సెన్సర్ ఉన్న మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాల సంగతి అవసరమైన చోట విడిగా ఉంటుంది. ఈ ఇబ్బందుల్లో చాలా వాటికి మూలం లెన్స్ నాణ్యతలో కాక, ఫోటో తీసేవారికీ దిగేవారికీ మధ్య ఉన్న దూరంలో ఉంటుంది కాబట్టి, ధరల పట్టిక చూడడానికి ముందు కొలత టేపు తీయడం మంచిది.

ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు కనిపించడం

కిట్ లెన్స్‌ను వెడల్పు వైపు ఉంచి తల, భుజాలు ఫ్రేము నిండా రావాలనుకుంటే అర మీటరు దాకా దగ్గరకు వెళ్లక తప్పదు. ముక్కు కొన నుంచి చెవి వరకు ఉండే దూరం సుమారు 12 సెంటీమీటర్లనుకుంటే, అర మీటరు నుంచి చూసినప్పుడు చెవి ముక్కు కన్నా 24 శాతం ఎక్కువ దూరంలో ఉంటుంది. మీటరున్నర నుంచి చూస్తే ఆ తేడా 8 శాతానికి తగ్గుతుంది. ముఖం వికృతంగా కనిపించడానికి కారణం ఇదొక్కటే. అదే చోట నిలబడి ఏ లెన్స్‌తో తీసినా ముఖం పొందిక మారదు.

అందువల్ల మీటరున్నర దూరంలో నిలబడి, అక్కడి నుంచి తల, భుజాలు ఫ్రేము నిండే లెన్స్‌ను ఎంచుకోవాలి. కెమెరాను నిలువుగా పట్టుకున్నప్పుడు ఏపీఎస్-సీలో 56 మిల్లీమీటర్ల లెన్స్, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 45 మిల్లీమీటర్ల లెన్స్ ఈ పనికి దాదాపు సరిగ్గా సరిపోతాయి.

లెన్స్ కొన్నాక ఇంట్లో వెనక్కి జరగడానికి చోటు చాలకపోవడం

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. దీనికి సాధారణంగా రెండు కారణాలుంటాయి. మొదటిది, పోర్ట్రెయిట్‌కు 85 మిల్లీమీటర్ల లెన్స్ కొనమనే సలహా పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకు చెప్పినది; అదే 85ను ఏపీఎస్-సీ కెమెరాకు తగిలిస్తే ఫ్రేము ఫుల్ ఫ్రేమ్ మీద 127 మిల్లీమీటర్ల లెన్స్ ఇచ్చినంత ఇరుకుగా వస్తుంది. కాబట్టి ఆ సలహాలోని అంకెను సోనీ, ఫ్యూజీ, నికాన్ ఏపీఎస్-సీ కెమెరాలకు 1.5తో, కానన్‌కు 1.6తో, మైక్రో ఫోర్ థర్డ్స్‌కు 2తో భాగించాలి. 85కు సాటివచ్చేవి వరుసగా 57, 53, 42.5 అవుతాయి.

రెండవది గది కొలత. నిలువెత్తు ఫోటోకు తల పైన, కాళ్ల కింద కాస్త ఖాళీతో కలిపి రెండు మీటర్ల ఎత్తు ఫ్రేములో పట్టాలంటే, ఏపీఎస్-సీ మీద 35 మిల్లీమీటర్లకు 3 మీటర్లు, 56కు 4.8 మీటర్లు, 90కు 7.7 మీటర్లు దూరం కావాలి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో 12 అడుగుల హాలు ఉందనుకుందాం: దిగేవారు గోడకు రెండడుగులు ముందుకు వచ్చి, తీసేవారు ఎదుటి గోడకు ఆనుకుంటే, వారి శరీరం, కెమెరా ఆక్రమించే అడుగు పోను మధ్య మిగిలేది సుమారు 9 అడుగులు, అంటే 2.7 మీటర్లు. ఆ దూరంలో 56తో నడుము దాకానే వస్తుంది, 35తో దాదాపు మనిషంతా పడతారు. సోఫా, టీవీ స్టాండు ఆక్రమించిన చోటును ఇంకా ఈ లెక్కలో తీసివేయలేదు.

బయట పరిస్థితి వేరు. కుతుబ్ షాహీ సమాధుల తోటల్లోనో, నెక్లెస్ రోడ్డు పక్కన పచ్చికలోనో 8 మీటర్లు వెనక్కి నడవడం సమస్యే కాదు. అక్కడ ఫ్యూజీ 90 మి.మీ. ఎఫ్/2, ఒలింపస్ 75 మి.మీ. ఎఫ్/1.8 వంటివి చక్కగా పనిచేస్తాయి. లాడ్ బజార్‌లో మాత్రం అంత దూరం నిలబడితే మధ్యలోంచి జనం నడుస్తూనే ఉంటారు, దిగేవారికి మన మాట కూడా వినిపించదు. నా అభిప్రాయంలో మొదటి పోర్ట్రెయిట్ లెన్స్ ఏపీఎస్-సీకి 50 నుంచి 56 లోపే ఉండాలి, 90 ఎప్పుడూ రెండవ లెన్సే. సందేహం తీరకపోతే కిట్ జూమ్‌ను 50 దగ్గర ఉంచి, రింగు కదలకుండా టేపు అంటించి, కొన్నాళ్లు ఇంటివాళ్ల ఫోటోలన్నీ అలాగే తీసి చూడాలి. పదేపదే గోడకు వీపు తగులుతుంటే 35 వైపు చూడవచ్చు.

నేపథ్యం అనుకున్నంతగా మసకబారకపోవడం

ఎఫ్ అంకె (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుంటుందో చెప్పేది) చిన్నదైతే చాలు, వెనుకంతా కరిగిపోతుందనుకోవడం వల్ల ఈ నిరాశ కలుగుతుంది. మనిషిని ఫ్రేములో అదే పరిమాణంలో ఉంచినప్పుడు, దూరపు నేపథ్యం ఎంత మసకబారుతుందో నిర్ణయించేది ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ పేరులోని మిల్లీమీటర్ల అంకె) ఎఫ్ అంకెతో భాగిస్తే వచ్చే రంధ్రపు వ్యాసం. 45 ఎఫ్/1.8కు అది 25 మిల్లీమీటర్లు, 50 ఎఫ్/1.8కు 28, 56 ఎఫ్/1.4కు 40, 75 ఎఫ్/1.8కు 42, 90 ఎఫ్/2కు 45. అంటే ఎఫ్/2 అని రాసి ఉన్న 90, ఎఫ్/1.4 అని రాసి ఉన్న 56 కన్నా కొద్దిగా ఎక్కువే మసక చేస్తుంది.

అయితే కొత్త లెన్స్ కొనేముందు దిగేవారిని గోడ నుంచి దూరంగా జరిపి చూడాలి. గోడకు వీపు ఆనించి నిలబెట్టాక ఏ లెన్స్ అయినా ఆ గోడ సున్నం పెచ్చులతో సహా చూపిస్తుంది. పచ్చిక మైదానంలో వెనుక చెట్లు 20 మీటర్ల అవతల ఉన్నప్పుడు 50 ఎఫ్/1.8 కూడా మెత్తని నేపథ్యం ఇస్తుంది.

కళ్లు స్పష్టంగా రాకపోవడం

56ను ఎఫ్/1.4 దగ్గర ఉంచి మీటరున్నర నుంచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు మొత్తం 4 సెంటీమీటర్లే. ముఖం కాస్త పక్కకు తిరిగితే ఒక కన్ను ఆ లోతు దాటిపోతుంది. మధ్య బిందువుతో ఫోకస్ చేసి, తరువాత కెమెరాను తిప్పి ఫ్రేము సర్దుకునే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. కంటిని గుర్తించే ఫోకస్‌ను వాడి, ఎఫ్/2 లేదా ఎఫ్/2.8కు వస్తే ఫలితం మెరుగవుతుంది.

ఫోకస్ సరిగ్గా ఉన్నా ముఖమంతా ఒకే దిశలో చెరిగినట్టుంటే అది చేతి వణుకు. సోనీ ఏ6400, నికాన్ జెడ్50, కానన్ ఆర్50 వంటి కెమెరాల బాడీలో వణుకును సరిదిద్దే స్థిరీకరణ లేదు, సిగ్మా 56 ఎఫ్/1.4లోనూ లేదు. అటువంటి జోడీకి షట్టర్ వేగం 1/200 సెకను కన్నా తగ్గకూడదు. సాయంత్రాలు ఇంట్లో తీసేదే ఎక్కువైతే, స్థిరీకరణ ఉన్న సోనీ 50 ఎఫ్/1.8 ఓఎస్ఎస్, పానసోనిక్ 42.5 ఎఫ్/1.7 వంటివాటిని పరిశీలించవచ్చు. కదలకుండా కూర్చునే పెద్దవారికి అవి ఉపయోగపడతాయి; పరుగెత్తే పిల్లలకు షట్టర్ వేగమే దిక్కు.

గోరింటాకు చేయి, గాజులు దగ్గరగా తీయబోతే ఫోకస్ కుదరకపోవడం

లెన్స్ చెడిపోలేదు, కనిష్ఠ ఫోకస్ దూరం దాటి లోపలికి వెళ్లారు. సిగ్మా 56కు అది 50 సెంటీమీటర్లు, ఒలింపస్ 75కు 84. పానసోనిక్ 42.5 మాత్రం 31 సెంటీమీటర్ల దాకా రానిస్తుంది. పెళ్లిళ్లకు కొనేవారు ఈ అంకెను తప్పక చూడాలి.

మధ్యాహ్నం ఫోటోలు తెల్లబారడం, ఫంక్షన్ హాలులో చారలు పడటం

ఎండలో ఐఎస్‌ఓ (సెన్సర్ కాంతికి స్పందించే స్థాయి) 100 దగ్గర ఎఫ్/1.4కు సుమారు 1/12800 సెకను కావాలి, చాలా చిన్న కెమెరాల మెకానికల్ షట్టర్ 1/4000 దగ్గర ఆగుతుంది. కాంతిని ఎనిమిదో వంతుకు తగ్గించే మూడు స్టాపుల ఎన్‌డి ఫిల్టర్ బిగించడమో, నీడలోకి నడవడమో పరిష్కారం. ఏప్రిల్ ఎండలో దిగేవారు రెండవదే కోరుకుంటారు.

ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను వరుస వెంట వరుసగా చదువుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద చాలా ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి కాబట్టి ఆ చారలు వస్తాయి. మెకానికల్ షట్టర్‌కు మారి 1/100 పెడితే సాధారణంగా పోతాయి. అయితే 1/100 దగ్గర వణుకు ముప్పు తిరిగి వస్తుంది కాబట్టి మోచేతులు ఒంటికి ఆనించి తీయాలి. స్టేజీ దీపాలు కొన్ని ఈ లెక్కకు లొంగవు, వాటికి వేగాలు మార్చి చూడాల్సిందే.

పాత లెన్స్, బరువైన లెన్స్, సెకండ్ హ్యాండ్ లెన్స్

ఇంట్లో ఉన్న నికాన్ 85 ఎఫ్/1.8డిని ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ కెమెరాకు తగిలిస్తే ఆటో ఫోకస్ పనిచేయదు, ఎందుకంటే ఆ లెన్స్‌లోనూ అడాప్టర్‌లోనూ మోటారు లేదు. కదలని మనుషులకు ఫోకస్ పీకింగ్‌తో (ఫోకస్‌లో ఉన్న అంచులను తెరపై రంగుతో చూపే సదుపాయం) చేత్తో తిప్పుకోవచ్చు. బరువు విషయానికొస్తే, 403 గ్రాముల ఏ6400కు 280 గ్రాముల సిగ్మా సరిపడుతుంది. లెన్స్ కెమెరా కన్నా బరువైనప్పుడు ఎడమ చేయి లెన్స్ కిందే ఉండాలి, లేకపోతే మణికట్టు నొప్పి పుడుతుంది.

కోఠీ, అబిడ్స్ దుకాణాల్లో వాడిన లెన్స్ చూసేటప్పుడు అపెర్చర్ (లెన్స్ రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనుక నుంచి టార్చి వేసి, లోపల సాలెగూడు పోగుల వంటి ఫంగస్ ఉందేమో పరిశీలించాలి. కొన్న తరువాత వానాకాలమంతా దానిని తోలు సంచిలో కాక, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పాటు ఉంచి, జెల్ రంగు మారగానే మార్చాలి.