పిల్లలకు మానసిక వైద్యం మందులు మొదలుపెట్టాక ఇంట్లో ఏం గమనించాలి

పిల్లల మానసిక వైద్య వార్డులో నర్సుని. మందుల చీటీ ఇస్తూ తల్లిదండ్రులకు ముందుగా ఒకటి చెప్తాను: మందు మొదలైన తేదీ, డోసు మారిన తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. హఠాత్తుగా వచ్చే ప్రమాదాలు చాలావరకు ఆ తర్వాతి రోజుల్లో, వారాల్లోనే కనిపిస్తాయి.

డిప్రెషన్ మందు మొదలైతే ఏడుపు కంటే అశాంతిని ఎక్కువగా చూడండి. కూర్చున్నచోట కూర్చోలేకపోవడం, రాత్రంతా తిరగడం, ఎప్పుడూ లేని కోపం, చావు మాటలు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో ఈ మందులపై బాక్స్ హెచ్చరిక (మందు సమాచార పత్రంలో గడి కట్టి వేసే గట్టి హెచ్చరిక) పెట్టించింది. అప్పటి ట్రయల్స్‌లో ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు మందు వాడిన పిల్లల్లో సుమారు 4 శాతం మందికి, డమ్మీ మాత్ర వేసుకున్నవారిలో 2 శాతం మందికి వచ్చాయి. ఎవరూ చనిపోలేదు. ఇది విని మాత్రలు పారేసేవాళ్ళున్నారు. వద్దు, వైద్యం అందని డిప్రెషన్ కూడా ప్రాణం తీస్తుంది. "చావాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మాత్రలు మాత్రం తాళంలో ఉండాలి.

హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటి యాంటీసైకోటిక్ మందులతో (భ్రమలు, తీవ్రమైన ఉద్రేకం లాంటివాటికి ఇచ్చేవి) మెడ ఒక పక్కకు మెలి తిరగొచ్చు, కళ్ళు పైకి వెళ్ళి నిలిచిపోవచ్చు. నాటకమని పిల్లల్ని తిట్టినవాళ్ళనీ చూశాను. ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఇస్తే సాధారణంగా త్వరగానే సర్దుకుంటుంది. దారిలో వీడియో తీస్తే మాకు మేలు. గొంతు బిగుసుకుంటే మాత్రం వీడియో సంగతి మర్చిపోండి, పరుగెత్తండి. అలాగే హై ఫీవర్‌తో ఒళ్ళు కర్రలా బిగుసుకుని, మాట తడబడుతుంటే జ్వరం మాత్ర వేసి చూద్దాం అనుకోవద్దు. తర్వాతి డోసు ఇవ్వకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

మూడ్ నిలకడకు, మూర్ఛకు ఇచ్చే లామోట్రిజిన్ వాడుతుండగా దద్దుర్లు వస్తే తర్వాతి మాత్రకు ముందే డాక్టర్‌తో మాట్లాడండి. నోట్లో, కళ్ళలో పుండ్లు, జ్వరం తోడైతే ఎమర్జెన్సీయే. ఈ ప్రమాదం పెద్దవాళ్ళకంటే పిల్లల్లో ఎక్కువ, అలాంటిదే మరో మందు వాల్‌ప్రోయేట్ కూడా ఇస్తుంటే ఇంకా ఎక్కువ. మూడ్ నిలకడకే ఇచ్చే లిథియం వాడే పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఫోన్ చేయండి. అడగకుండా ఐబూప్రొఫెన్ (నొప్పి, జ్వరం మాత్ర) ఇవ్వొద్దు.

నెమ్మదిగా వచ్చేవీ ఉన్నాయి: బరువు, షుగర్ పెరగడం. రిస్పెరిడోన్‌తో అబ్బాయిలకు రొమ్ములు ఉబ్బొచ్చు. సిగ్గుతో దాస్తారు, వదులు చొక్కాలే వేస్తారు. ఇది మందు వల్ల రావచ్చని ముందే చెప్పి ఉంచితే వాళ్ళే వచ్చి చెప్తారు.

ఫోన్ చేసేటప్పుడు మాత్రల షీటు చేతిలో ఉంచుకోండి. పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, చివరి డోసు ఎప్పుడు వేశారు, ఇవే మేము మొదట అడుగుతాం.