గుర్రపు స్వారీ, ఆరవ పాఠం: పుండు చెప్పే తప్పు

ఈ పాఠంలో క్యాంటరు (ట్రాటు కన్నా వేగమైన, దూకుడు నడక) మొదలుపెడదామని పోయినసారి మాట ఇచ్చాను. ఆ మాట ఇప్పుడు నిలబెట్టుకోలేను. ఐదో పాఠం సాధన చేసినవాళ్ల ఉత్తరాల్లో మూడు సంగతులు మళ్లీ మళ్లీ కనిపించాయి. ముందు కాలి మోచేయి వెనక, జీనును పొట్ట కింద కట్టే పట్టీ ఒరుసుకునే చోట, వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రబడింది. పెదవుల మూల చిట్లింది. వీపు మీద వెన్నెముకకు ఒక పక్కన వాపు తేలింది. అందరూ అడిగింది ఒకటే: ఏ మందు రాయాలి?

మందు సంగతికి వస్తాను. కానీ ఈ మూడింటిలో ఏదీ గుర్రానికి దానంతట అది వచ్చిన జబ్బు కాదు. స్వారీలో మనం చేసిన తప్పు దాని చర్మం మీద అచ్చుపడింది. ఆ తప్పు అలాగే ఉంటే ఏ లేపనం రాసినా రేపు అదే చోట మళ్లీ లేస్తుంది. ఇందులో నా వంతు కూడా ఉంది. ‘పట్టీ బాగా బిగించి ఎక్కండి’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టాను. మీరు నా మాట అక్షరాలా పాటించారు, నొప్పి గుర్రం పడింది.

కనుక పట్టీతోనే మొదలుపెడదాం. జీనును మూపు (మెడ, వీపు కలిసే ఎత్తు) మీద కొద్దిగా ముందుకు పెట్టి, వెనక్కి జరుపుతూ దాని చోటులో కూర్చోబెట్టాలి. అప్పుడే కింది వెంట్రుకలు సాఫుగా పడుకుంటాయి. వెనక నుంచి ముందుకు ఎప్పుడూ తోయకండి. తరవాత పట్టీని జీను జారకుండా ఉండేంత వరకే తగిలించండి. గుర్రాన్ని పది పదిహేను అడుగులు నడిపించి ఒక రంధ్రం బిగించండి. మళ్లీ నడిపించి ఇంకొకటి. ఒకేసారి బిగిస్తే గుర్రం ఒంటిని బిగబట్టుకుంటుంది. అది కండరాలు వదిలిన మరుక్షణం పట్టీ వదులవుతుంది, వదులైన పట్టీ అడుగడుగునా ముందుకూ వెనక్కూ ఒరుసుకుంటుంది. పుండు బిగుతు వల్లే పడుతుందని చాలామంది అనుకుంటారు. వదులు వల్ల, మడతపడిన చర్మం వల్ల, పట్టీకి అంటి ఎండిన చెమట మట్టి వల్ల పడేవి కూడా తక్కువేమీ కాదు. ఎక్కే ముందు రెండు ముందు కాళ్లనూ ఒక్కొక్కటిగా ఎత్తి మెల్లగా ముందుకు చాపండి, పట్టీ కింద చిక్కిన చర్మం సర్దుకుంటుంది. బిగుతును పక్కటెముకల దగ్గర కాకుండా రెండు ముందు కాళ్ల మధ్య, రొమ్ము ఎముక దగ్గర చూడండి. అక్కడ రెండు వేళ్లు దూరాలి. ఎక్కి ఐదు నిమిషాలు నడిచాక మరోసారి చూడండి.

ఇక పెదవుల మూలలు. ట్రాటులో, అంటే గుర్రం గంతులేస్తూ నడిచే మధ్యస్థ వేగంలో, ఒక తాళానికి జీను మీంచి లేచి మరో తాళానికి కూర్చోవడం నేర్చుకునేవాళ్లు లేవడానికి పగ్గాలు పట్టుకుని లాగుతారు. ఆ బరువంతా గుర్రం నోట్లో ఉండే కళ్లెం ఇనుప ముక్క మీదుగా నోటి మూలల్లో పడుతుంది. కళ్లెం కొలత సరిపోకపోయినా చిట్లవచ్చు, కానీ కొత్తగా ట్రాటు మొదలుపెట్టిన నెలలోనే చిట్లిందంటే ముందు మీ చేతులనే అనుమానించండి. నా దగ్గర నేర్చుకునేవాళ్ల చేత నేను మొదటి వారాల్లో పగ్గాలు పట్టించనే పట్టించను. గుర్రం మెడ చుట్టూ ఒక తోలు పట్టీ కట్టి దాన్ని పట్టుకోమంటాను, పగ్గాలు కింద నుంచి నడిపించేవాళ్ల చేతిలో ఉంటాయి. ఈ పద్ధతి ఆలస్యమని అనేవాళ్లున్నారు. గుర్రం నోరు పాడు కావడం కన్నా మీరు రెండు వారాలు ఆలస్యంగా నేర్చుకోవడమే నాకు ఇష్టం.

వీపుకు ఒక పక్క వాపు ఎందుకు? ట్రాటులో కాళ్లు మూలగా జంటలై కదులుతాయి: ఎడమ ముందు కాలితో కుడి వెనక కాలు, కుడి ముందు కాలితో ఎడమ వెనక కాలు. మీరు ఎప్పుడూ ఒకే జంట నేల తాకినప్పుడు కూర్చుంటుంటే వీపులో ఒక పక్కకే దెబ్బ మీద దెబ్బ. వలయంలో తిరిగేటప్పుడు గుర్రం బయటి భుజం ముందుకు వెళ్లిన క్షణంలో లేవండి. తిన్నని దారిలో అప్పుడప్పుడు ఒక తాళం ఎక్కువ కూర్చుని జంట మార్చండి. జీను ఒక పక్కకు ఒరిగినా, మీరు ఒక రికాబు (కాలు పెట్టే కడియం) మీదే బరువు వేసినా ఇదే ఫలితం.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి. వీపు వాచిందని తెలియగానే చాలామంది చేసేది, జీను కింద మందమైన మెత్త వేయడం. మెత్తగా ఉంటే నొప్పి తగ్గుతుందని నమ్మకం. బిగుతుగా ఉన్న చెప్పులో కాలు ఒరుసుకుంటే, ఇంకో రెండు మేజోళ్లు తొడిగి అదే చెప్పులో కాలు దూర్చితే ఏమవుతుంది? జీను లోపలి వెడల్పు మారదు. లోపల నింపిన ప్రతి పొరా వీపును ఇంకా గట్టిగా నొక్కుతుంది. ఇరుకు జీను మందపు మెత్తతో ఇంకా ఇరుకవుతుంది. వెడల్పు జీనుకు మెత్త వేస్తే కొన్నాళ్లు పని జరుగుతుంది, కానీ గుర్రం వీపు మీద జీను అటూ ఇటూ తూలుతుంది, ఆ తూలుడును ఆపాలని మీరు పట్టీ ఇంకా బిగిస్తారు, మళ్లీ మోచేయి వెనక పుండు. కొందరు మెత్తలో వాపు ఉన్నంత మేర గుండ్రంగా కత్తిరిస్తారు. అప్పుడు నొక్కుడు ఆ రంధ్రం అంచుల మీదికి చేరి, వాపు చుట్టూ రక్తప్రసారం తగ్గి, మధ్యలో చర్మం ఉబ్బుతుంది. నేను నా తొలి రోజుల్లో ఒక ఆడ గుర్రానికి ఇదంతా వరుసగా చేశాను. మందపు మెత్త, ఆ పైన రెండో మెత్త, చివరికి రంధ్రం. దాని మూపుకు పక్కన నల్లటి వెంట్రుకల్లో మొలిచిన తెల్లటి మచ్చ మళ్లీ నల్లబడలేదు. నొక్కుడుకు వెంట్రుకల కుదుళ్లు దెబ్బతింటే అక్కడ తెల్లగా మొలుస్తుంది. గుర్రాన్ని కొనేటప్పుడు జీను చోట తెల్ల మచ్చలు కనిపిస్తే, పూర్వం ఎవరో ఇదే పని చేశారని అర్థం.

మెత్త వేయవద్దు, జీను దించండి. స్వారీ ముగియగానే చెమట గుర్తులు చూడండి. చుట్టూ తడిసి మధ్యలో చేతివెడల్పు పొడిగా ఉంటే, అక్కడ నొక్కుడు ఎక్కువై చెమట పట్టలేదేమో, లేదా జీను అసలు తాకడం లేదేమో. రెండింటినీ వేరు చేయడానికి నేను కంటిని నమ్మను, అరచేతిని నమ్ముతాను. అరగంట ఆగి వేళ్లతో మెల్లగా నొక్కుతూ పోండి. వెచ్చదనం, ఉబ్బు, గుర్రం వీపు కిందికి వంచడం, ఇవన్నీ నొక్కుడుకు సాక్ష్యాలు.

మందు. చర్మం చిట్లితే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి, ధారగా పోస్తూ కడగండి. శుభ్రమైన గాజ్ గుడ్డతో (గాయాలకు వాడే పల్చటి అల్లిక గుడ్డ) అద్దండి, దూది వద్దు, పోగులు పుండుకు అంటుకుంటాయి. హైడ్రోజన్ పెరాక్సైడు, స్పిరిటు మానేయండి, అవి కొత్తగా పుట్టే కణాలనూ చంపుతాయి. పొడులూ నూనెలూ కప్పేస్తే పశువైద్యుడు వచ్చినా పుండు కనబడదు. ఈగలు వాలకుండా చూడండి. పుండు పూర్తిగా మూసుకుని, తాకినా గుర్రం ఉలిక్కిపడని స్థితి వచ్చే వరకు ఆ చోట పట్టీగానీ, జీనుగానీ, కళ్లెంగానీ పడకూడదు. అన్నాళ్లూ చేత్తో నడిపించండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో ఈ రోజే చూడండి, ఆ జబ్బుకు గుర్రాలు తేలికగా లోనవుతాయి, చిన్న గాయం చాలు.

వైద్యుణ్ని వెంటనే పిలవవలసినవి: కీలు దగ్గరి గాయం, పైకి చిన్న రంధ్రంలా ఉండి లోతు తెలియని గాయం, చీము. మూపు మీద వేడిగా వాచి కారుతుంటే చేతి తొడుగులు లేకుండా ముట్టకండి, దాని వెనక మనుషులకు సోకే బ్రుసెల్లా అనే బాక్టీరియా ఉండవచ్చు. మీ గుర్రం మామూలు లెక్కలు ముందే తెలిసి ఉంటే వైద్యుడికి చెప్పగలరు. విశ్రాంతిలో ఉష్ణోగ్రత సుమారు 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్, నాడి నిమిషానికి 28 నుంచి 44, శ్వాస 8 నుంచి 16.

సాధన: పద్నాలుగు రోజులు, ఒక్కరోజూ తప్పకుండా. పొద్దున మేత వేయకముందు నాడి, శ్వాస, ఉష్ణోగ్రత రాయండి. నాడిని దవడ ఎముక కింది అంచున వేలితో పట్టండి. మొదటి మూడు రోజులు దొరకదు, ఓపికగా వెతకండి. సాయంత్రం జీను దించగానే వీపు బొమ్మ గీసి చెమట తడి, పొడి చోట్లు గుర్తించండి, అరగంట తర్వాత అరచేతితో తాకి అదే కాగితం మీద మళ్లీ గుర్తించండి. పట్టీని మూడు దశల్లో బిగించడం పది రోజులు చేశాక, పదకొండో రోజు కళ్లు మూసుకుని చేయండి. ఇప్పటికే వాపో పుండో ఉన్నవాళ్లు స్వారీ, జీను రెండూ ఆపి, ఉదయపు లెక్కలు, సాయంత్రపు అరచేతి పరీక్ష మాత్రం కొనసాగించండి. మీ దగ్గర పద్నాలుగు కాగితాలు ఉంటేనే ఏడో పాఠం తెరవండి, క్యాంటరు అక్కడ.