కాటు గాయం పైకి చిన్నదే, లోపల లోతు

వీధి కుక్కలతో కొట్లాడి మా కుక్క రాజుగాడు తొడ మీద కాటుతో వచ్చాడు. చేతికి గ్లౌజులు వేసుకుని, చుట్టూ బొచ్చు కత్తిరించి చూస్తే చిన్న చిల్లులే. సెలైన్‌తో బాగా కడిగి, బెటడిన్‌ను పల్చటి టీ రంగులోకి వచ్చేలా నీళ్లు కలిపి తుడిచాను. పక్కింటి పిన్నిగారు పసుపు పెట్టమన్నారు, పెట్టలేదు. మనం వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ అసలే వద్దు, కుక్కలకు ప్రాణం మీదికొస్తుంది.

రక్తం ఆగినా అదే రోజు పశువుల డాక్టర్‌కు చూపించాను. కోర దిగిన చోట పైచర్మం ముందే మూసుకుపోయి, లోపల చీము పడుతుంది. ఆయన లోపలిదాకా కడిగి, యాంటీబయాటిక్ రాసి, రేబిస్ బూస్టర్ వేశారు. గాయాన్ని నాకకుండా మెడకు కోన్ (గరాటు లాంటి పట్టీ) పెట్టాం (వాడికి మహా కోపం!). వాపు పెరిగినా, వాసన వచ్చినా, పురుగులు కనబడినా, తిండి మానేసినా వెంటనే తీసుకురమ్మన్నారు.