సీమ ఎండలో చిన్న విమానాలకు రంగు: లక్షణం, కారణం, పరిష్కారం

కార్ల షెడ్డులో పని నేర్చుకొని, ఆ తరువాత రెండు సీట్ల, నాలుగు సీట్ల విమానాల పనికి వచ్చినవారి కోసం ఇది రాస్తున్నాను. నేనూ ఆ దారినే వచ్చాను. స్ప్రే గన్ పట్టడం, థిన్నర్ కలపడం, వాటర్ పేపర్ రుద్దడం వారికి చెప్పనక్కరలేదు. ఊపిరికి హాని చేసే ఐసోసయనేట్ ఉన్న పాలీయూరిథేన్ పెయింటు కొట్టేటప్పుడు గొట్టం ద్వారా బయటి గాలి అందే మాస్కు తప్పనిసరి అని కూడా తెలిసే ఉంటుంది.

ఏ లోపం కనబడినా ముందు అడగవలసినవి మూడే ప్రశ్నలు: రంగు వేసిన రోజున హ్యాంగరులో, అంటే విమానం నిలిపే షెడ్డులో, వేడి ఎంత, గాలిలో తేమ ఎంత, రేకు వేడి ఎంత? గోడకు తగిలించే తేమమీటరు ఖరీదు ఒక పెయింటు డబ్బాతో పోలిస్తే ఏమీ కాదు. అయినా అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల్లో ఆ మూడు అంకెలూ పుస్తకంలో రాసుకొన్న పనివారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఈ ఒక్క అలవాటు ఉండి ఉంటే నేను ఒక విమానం రంగును రెండుసార్లు ఊడ్చి మళ్ళీ వేయవలసి వచ్చేది కాదు.

రెక్క పైభాగం ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది

రేకు వేడిగా ఉండడమే కారణం. ఎండలో నిలబెట్టిన విమానాన్ని లోపలికి తోసి అరగంటలోనే గన్ ఎత్తితే, తుంపర రేకుపై పరుచుకొనేలోపే ఆరిపోతుంది. చాలామంది అప్పుడు గాలి ఒత్తిడి పెంచుతారు. దానితో తుంపర మరింత సన్నమై మరింత త్వరగా ఆరుతుంది. విమానాన్ని ముందు రోజు సాయంత్రమే లోపల పెట్టి, తెల్లవారుజామున పని మొదలుపెట్టి, నిదానంగా ఆరే థిన్నర్ వాడితే ఈ సమస్య రాదు. గరుకు వచ్చినచోట పూర్తిగా గట్టిపడనిచ్చి, వాటర్ పేపరుతో సమం చేసి, మళ్ళీ ఒక పూత వేయాలి.

తడి పూతలో గుండ్రటి గుంటలు పడుతున్నాయి

సిలికాన్ గానీ, కంప్రెసరు నుంచి వచ్చిన నూనె గానీ కారణం. అద్దాలకూ టైర్లకూ మెరుపు తెచ్చే స్ప్రేలను హ్యాంగరులోకి రానివ్వకూడదు. శుభ్రం చేసిన రేకుపై నీళ్ళు పోసి చూడండి: నీరు తెగకుండా ఒకే పొరగా నిలిస్తే రేకు సిద్ధమైనట్టు, ముత్యాల్లా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టు. రెండు నిమిషాల ఈ పరీక్షను వదిలేసి, గుంటలపై మరో పూత దట్టంగా కొట్టి కప్పుదామనుకోవడం పనిని రెట్టింపు చేసుకోవడమే.

రివెట్ల వరుస వెంట రంగు కింద పురుగులు పాకినట్టు సన్నని చారలు వచ్చాయి

అసలు చెప్పదలచుకొన్నది దీని గురించే. మెరుపు చెడదు, రంగు వెలవదు. వాలు వెలుతురులో చూస్తే రివెట్ తల దగ్గరో, రెండు రేకులు కలిసే అంచు దగ్గరో మొదలై దారంలా మెలికలు తిరుగుతూ పోయే ఉబ్బు కనబడుతుంది. బొటనవేలితో తడిమితే ఇంకా బాగా తెలుస్తుంది. దీనిని ఫిలిఫార్మ్ తుప్పు అంటారు. రంగు పొర కింద అల్యూమినియం తినబడుతూ ఉంటుంది.

ఒకసారి ఏప్రిల్ నెలలో ఒక శిక్షణ విమానానికి పాత రంగు పూర్తిగా ఊడ్చి, వాష్ ప్రైమర్ (లోహానికి పట్టు కోసం వేసే ఆమ్లపు తొలి పూత) వేసి, దానిపై తెల్లని పాలీయూరిథేన్ కొట్టి అప్పగించాను. అది కోస్తాకు వెళ్ళి, వర్షాకాలం గడిపి తిరిగి వచ్చేసరికి రెక్కల మీద ఈ చారలు ఉన్నాయి. సముద్రపు ఉప్పుగాలి వల్లనేమో అనుకొన్నాను. తరువాత కడిగే సబ్బును అనుమానించాను. ఆపైన పెయింటు నాసిరకమన్నాను. ఊడ్చి, మరుసటి ఏడాది మే నెలలో అదే పద్ధతిలో మళ్ళీ వేశాను. ఈసారి ఆ విమానం అనంతపురం దాటి వెళ్ళలేదు. అయినా అక్టోబరులో అవే చారలు వచ్చాయి. అదే ప్రైమరుతో, అదే చేతులతో ఆగస్టులో రంగు వేసిన మరో విమానానికి మాత్రం మచ్చ కూడా లేదు. రెండింటికీ మధ్య తేడా కోసం వెతికితే ఒక్కటే కనబడింది: పని చేసిన రోజుల్లో గాలిలోని తేమ.

వాష్ ప్రైమరులో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. అది రేకును కొద్దిగా కొరికి, ఫాస్ఫేటు పొరగా మారి, పై పూతకు పట్టు ఇస్తుంది. ఆ మార్పు పూర్తి కావడానికి కొంత సమయంతో పాటు గాలిలో తగినంత తేమ కూడా కావాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురంలో వేసవి మధ్యాహ్నం తేమ 30 శాతం లోపుకు దిగజారుతుంది. అప్పుడు ప్రైమరు చేతికి ఆరినట్టే తగులుతుంది గాని ఆమ్లం మాత్రం ఆమ్లంగానే మిగిలిపోతుంది. దానిపై పాలీయూరిథేన్ వంటి దట్టమైన పొర కొట్టి మూసేస్తే ఆ ఆమ్లం లోపలే చిక్కుకొంటుంది. సెప్టెంబరు వానలు వచ్చి గాలి తడిసినప్పుడు, రివెట్ అంచున రంగు పొర సన్నగా ఉన్నచోట తేమ లోపలికి దిగి తుప్పు నడక మొదలుపెడుతుంది. ఏప్రిల్‌లో జరిగిన తప్పు అక్టోబరులో బయటపడుతుంది కాబట్టే ఎవరూ ఆ రెండింటినీ కలిపి చూడరు.

మనం ఇక్కడ మోసపోవడానికి మరో కారణం ఉంది. పెయింటుకు తేమ శత్రువని మనకు మొదటి రోజే నేర్పుతారు. చెమ్మగాలి ఉన్న ఊళ్ళలో పని నేర్పినవారికి అది నిజమే. సీమ వాడికి మాత్రం పొడి గాలి వరమని గట్టి నమ్మకం కలుగుతుంది. అందుకే వాష్ ప్రైమరు పనికి మనం మే నెల మధ్యాహ్నాన్ని ఏరికోరి ఎంచుకొంటాం. ప్రైమరును దట్టంగా కొట్టడం రెండో తప్పు. అది లోపలి లోహం ఛాయ కనబడేంత పలుచగా ఉండాలి. దట్టమైన కొద్దీ లోపల మిగిలే ఆమ్లమూ ఎక్కువే.

చారలు వచ్చిన విమానానికి పై పూత రుద్ది మళ్ళీ వేస్తే సరిపోదు. చార కనబడిన అంచు దాటి ఇంకా కొంత దూరం వరకు లోహం బయటపడేలా ఊడ్చాలి, ఎందుకంటే దారం కొస కనబడినచోట ఆగదు. నైలాన్ ప్యాడుతో తుప్పు తీయాలి. ఉక్కు పీచు ముట్టకూడదు. దాని రజను రేకులో గుచ్చుకొని కొత్త తుప్పుకు బీజమవుతుంది. రేకు ఎంత లోతు పోయిందో లైసెన్సు ఉన్న ఇంజనీరు కొలిచి, తయారీదారు ఇచ్చిన పరిమితిలోనే ఉందని చెప్పిన తరువాతే ముందుకు కదలాలి. ఆపైన ఆమ్లపు క్లీనరుతో కడిగి, క్రోమేటు కన్వర్షన్ పూత (రేకు పైపొరనే తుప్పును ఆపే పొరగా మార్చే ద్రావణం) వేయాలి. ఆ ద్రావణాన్ని రేకు మీద ఆరనివ్వక మంచి నీటితో బాగా కడగాలి. రేకు లేత బంగారు రంగుకు తిరుగుతుంది. క్రోమేటు విషం కనుక చేతులకు తొడుగులు ఉండాలి, కడిగిన నీటిని కాలువలోకి వదలకూడదు. దానిపై ఎపాక్సీ ప్రైమరు, తరువాత పై పూత.

నేను ఇప్పుడు వేసవిలో వాష్ ప్రైమరు జోలికే పోను; కన్వర్షన్ పూత, ఎపాక్సీ ప్రైమరు దారినే పోతున్నాను. వాష్ ప్రైమరే వేయవలసి వస్తే ముందు రాత్రి నేల తడిపి, తేమమీటరు చూసి, డబ్బాతో వచ్చిన కాగితంలో చెప్పిన తేమ ఉంటేనే తెల్లవారుజామున మొదలుపెట్టండి. రెండు జాగ్రత్తలు మరువకండి. మిగిలిన ఆమ్లం ఎపాక్సీని గట్టిపడనివ్వదు కనుక వాష్ ప్రైమరు మీద నేరుగా ఎపాక్సీ వేయకూడదు. పాలీయూరిథేన్ హార్డెనరుకు తేమ పడదు కనుక దాని డబ్బా తెరిచేనాటికి నేల పొడిగా ఉండాలి.

రంగు వేసిన తరువాత గాలిలో స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) అదురుతోంది

ఆ విమానాన్ని వెంటనే ఎగరకుండా ఆపండి. విమానాన్ని తిప్పడానికి రెక్కలకూ తోకకూ కీలుతో బిగించిన ఐలెరాన్, ఎలివేటర్, రడ్డర్లు కీలు వెనుక భాగంలో పెయింటు బరువు పెరిగితే తూకం తప్పుతాయి. వేగంలో ఫ్లట్టర్, అంటే అదుపు తప్పిన వణుకు, పుట్టి అవి విరిగిపోయే ప్రమాదం ఉంది. విప్పి, మాన్యువల్ ప్రకారం తూచి, బ్యాలెన్సు సరిచేసిన తరువాతే తిరిగి బిగించాలి. డిజైన్ ఎంచుకొనేటప్పుడే ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి: అందానికి వేసే ఒక్కో రంగు చారా ఒక్కో పొర. యజమాని నాలుగు రంగుల చారలు రడ్డరు కొస దాకా కావాలని పట్టుబట్టినా, వాటిని ఫ్యూజిలాజ్ (విమానం మొండెం) మీదే ముగించమని నేను చెబుతాను.

ఎత్తు, వేగం చూపే మీటర్లు తప్పు చెబుతున్నాయి

బయటి గాలి ఒత్తిడిని ఈ మీటర్లకు అందించే స్టాటిక్ రంధ్రాల మీద మాస్కింగ్ టేపు మిగిలి ఉండవచ్చు, లేదా రంధ్రంలోకి పెయింటు దిగి ఉండవచ్చు. 1996 అక్టోబరు 2న పెరూ తీరానికి దూరంగా సముద్రంలో ఏరోపెరూ 603 విమానం కూలి అందులోని 70 మందీ చనిపోవడానికి, శుభ్రం చేసేటప్పుడు ఆ రంధ్రాలపై అంటించిన టేపును తీయకపోవడమే కారణం. రేకు రంగులో కలిసిపోని ఎర్ర టేపు వాడి, అంటించినవి ఎన్నో రాసిపెట్టి, తీసినప్పుడు లెక్క సరిచూడండి.

అందానికి వేసిన చారల అంచు లేస్తోంది, రంగు పక్కకు పాకింది

కింది పూత గట్టిపడిపోయిన తరువాత గరుకు చేయకుండా చార వేశారు, లేదా టేపును పూర్తిగా ఆరాక లాగారు. పూత ఇంకా మెత్తగా ఉండగానే టేపును వెనక్కి మడిచి, నిదానంగా లాగాలి. చార వంకరగా కనబడితే టేపును నేలను చూసి కొలిచారన్నమాట. విమానాన్ని జాకీలపై సమతలంగా నిలబెట్టిన తరువాతే కొలతలు తీయాలి. రిజిస్ట్రేషన్ అక్షరాలకు కూడా అప్పుడే చోటు వదలండి: అంతర్జాతీయ నియమం ప్రకారం వాటి ఎత్తు రెక్క కింద 50 సెంటీమీటర్లకు, ఫ్యూజిలాజ్ పక్కన 30 సెంటీమీటర్లకు తగ్గకూడదు.

రేకుకు బదులు ఫైబరు, రెసిన్‌తో చేసిన విమానానికి ముదురు నీలం, నలుపు అడిగేవారికి ఒకటే సమాధానం: తయారీదారు కాగితం అనుమతించనిదే వేయకూడదు. కడప మే ఎండలో ముదురు రంగు కింద రెసిన్ మెత్తబడేంత వేడెక్కవచ్చు. ఆ విమానాలు తెల్లగా ఉండేది అందం కోసం కాదు.

ఇక పెయింటు డబ్బాయే చెడ్డదవడం చాలా అరుదు. అనుమానం ఉంటే అదే డబ్బాలోని పెయింటును చిన్న రేకు ముక్క మీద, నీడన, చల్లని పూట వేసి చూడండి. ముక్క మీద బాగుండి రెక్క మీద చెడిందంటే డబ్బాను తిరిగి పంపకండి. ఆ రోజు పుస్తకం తీసి మూడు అంకెలూ చూడండి.