మెనూలో ఎంచుకున్న బిజీబాక్స్ ఆదేశం బోర్డుపై లేకపోతే: సమస్య - పరిష్కారం

బిల్డ్‌రూట్‌తో చిన్న లినక్స్ ఇమేజ్ తయారు చేసుకునేవారి నుంచి తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: ఎన్నో ఆదేశాలను ఒకే ప్రోగ్రాములో అందించే బిజీబాక్స్ మెనూలో ఫలానా ఆదేశాన్ని ఎంచుకున్నాము, బిల్డ్ ఏ లోపమూ చూపకుండా ముగిసింది, అయినా బోర్డుపై ఆ ఆదేశం పనిచేయడం లేదు. మెనూకాన్ఫిగ్ తెరవడం, ఇమేజ్‌ను ఎస్‌డీ కార్డులోకో ఫ్లాష్‌లోకో రాయడం తెలిసినవారిని ఉద్దేశించి ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు

బోర్డు కన్సోల్‌లో బిజీబాక్స్ అని మాత్రమే టైపు చేసి ఎంటర్ నొక్కండి. మొదటి వరుసలో వెర్షన్ సంఖ్య, దాని పక్కనే బ్రాకెట్లలో ఆ బైనరీ బిల్డ్ అయిన తేదీ, సమయం కనిపిస్తాయి. ఆ సమయం మీరు ఇప్పుడు చేసిన బిల్డ్‌ది కాకపోతే ఇక మెనూలో వెదకవలసిన పనే లేదు. బోర్డుపై నడుస్తున్నది పాత ఇమేజ్, లేదా బూట్‌లోడర్ వేరే పార్టిషన్ నుంచి లేపుతున్నది. (ఎప్పుడు బిల్డ్ చేసినా ఒకే ఫలితం వచ్చేలా చేసే రీప్రొడ్యూసిబుల్ బిల్డ్ ఎంపికను ఆన్ చేసుకున్నవారికి మాత్రం ఈ తేదీ గుర్తుగా పనికిరాదు.) తేదీ సరైనదే అయితే 'బిజీబాక్స్ --లిస్ట్' ఇచ్చి, మీకు కావలసిన ఆదేశం పేరు ఆ జాబితాలో ఉన్నదో లేదో చూడండి. నిమిషం కూడా పట్టని ఈ రెండు పరీక్షలు చేయకుండానే టూల్‌చెయిన్‌నూ కెర్నల్‌నూ అనుమానించేవారు ఇంతమంది ఎందుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

లక్షణం: 'నాట్ ఫౌండ్' లేదా 'యాప్లెట్ నాట్ ఫౌండ్'

ఈ రెండు సందేశాలను ఒకటిగా చదవకూడదు. బిజీబాక్స్ అంతా ఒకే బైనరీ. ఎల్ఎస్, గ్రెప్, వీఐ వంటివన్నీ సాధారణంగా దానికి పెట్టిన లింకులు మాత్రమే. ఏ పేరుతో పిలిస్తే ఆ పేరును చూసి, తనలోని ఆ యాప్లెట్‌ను, అంటే ఆ ఆదేశం పని చేసే భాగాన్ని, అది నడుపుతుంది. కాబట్టి షెల్ కేవలం 'నాట్ ఫౌండ్' అంటే పాత్‌లో, అంటే ఆదేశాల కోసం షెల్ వెదికే డైరెక్టరీలలో, ఆ పేరుతో లింకు దొరకలేదని అర్థం. 'యాప్లెట్ నాట్ ఫౌండ్' అంటే లింకు ఉన్నది గాని, అది చూపుతున్న బైనరీలో ఆ యాప్లెట్ లేదని అర్థం.

మొదటి సందేశం వచ్చి, పేరు లిస్ట్‌లో ఉంటే, ఆదేశానికి ముందు బిజీబాక్స్ అని చేర్చి నడిపి చూడండి. అది నడిచిందంటే లోపం పాత్‌లోనే ఉన్నది. చాలా సందర్భాలలో ఎస్‌బిన్ డైరెక్టరీలు పాత్ వేరియబుల్‌లో చేరి ఉండవు. పేరు లిస్ట్‌లోనే లేకపోతే మీ ఎంపిక ఈ బైనరీ వరకూ చేరలేదన్నమాట. దాని సంగతి తరువాతి భాగంలో వస్తుంది.

రెండో సందేశానికి కారణం దాదాపు ఎప్పుడూ పాత లింకే. బిల్డ్‌రూట్ ఒకసారి అవుట్‌పుట్ కింది టార్గెట్ డైరెక్టరీలో పెట్టిన ఫైలును, మీరు తరువాత ఆ ఎంపికను తీసివేసినంత మాత్రాన తొలగించదు. యాప్లెట్ బైనరీ నుంచి పోతుంది, లింకు మిగిలిపోతుంది. దీనికి మందు 'మేక్ క్లీన్' చేసి మొత్తం తిరిగి బిల్డ్ చేయడమే. అయితే కింది భాగం చదవకుండా ఆ ఆదేశం ఇవ్వవద్దు.

లక్షణం: నిన్నటిదాకా ఉన్న ఆదేశం నేడు లేదు, లేదా నా యంత్రంలో ఉన్నది, సర్వర్ బిల్డ్‌లో లేదు

మనుషులను అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది ఇదే. 'మేక్ బిజీబాక్స్-మెనూకాన్ఫిగ్' ఇచ్చి, కావలసిన యాప్లెట్లను గుర్తుపెట్టి, సేవ్ చేసి బయటకు వస్తారు. తరువాత 'మేక్' ఇస్తే బిజీబాక్స్ తిరిగి బిల్డ్ అవుతుంది, ఇమేజ్‌లో ఆదేశం కనిపిస్తుంది, పని ముగిసిందని అందరూ అనుకుంటారు. నిజానికి మీరు సేవ్ చేసినది అవుట్‌పుట్ కింది బిల్డ్ డైరెక్టరీలో, బిజీబాక్స్ సోర్సు విప్పిన చోట ఉండే డాట్ కాన్ఫిగ్ ఫైలులో మాత్రమే. అది తాత్కాలిక ప్రతి. 'మేక్ క్లీన్' గాని 'మేక్ బిజీబాక్స్-డిర్‌క్లీన్' గాని ఇచ్చిన క్షణంలో ఆ డైరెక్టరీతో పాటు మీ ఎంపికలూ పోతాయి. తరువాతి బిల్డ్ అసలు కాన్ఫిగ్ ఫైలు నుంచి, అంటే మీరు వేరే దారి చూపకపోతే ప్యాకేజీ డైరెక్టరీలో బిల్డ్‌రూట్ తనతో తెచ్చుకున్న బిజీబాక్స్ డాట్ కాన్ఫిగ్ నుంచి మొదలవుతుంది. హెచ్చరిక ఒక్కటీ రాదు, ఎందుకంటే బిల్డ్‌రూట్ దృష్టిలో ఇక్కడ తప్పేమీ జరగలేదు.

లోపం వెంటనే బయటపడకపోవడమే దీనిలోని అసలు చిక్కు. అదే డైరెక్టరీలో కొనసాగించినంత కాలం అంతా సవ్యంగానే ఉంటుంది. సహోద్యోగి కొత్తగా క్లోన్ చేసుకున్నప్పుడో, ఖాళీ డైరెక్టరీలో మొదలయ్యే సర్వర్ బిల్డ్ నడిచినప్పుడో ఆదేశం మాయమవుతుంది. అప్పుడు అనుమానం సర్వర్ మీదికి పోతుంది. ఒకే సోర్సు నుంచి రెండు వేరువేరు అవుట్‌పుట్ డైరెక్టరీలు వాడేవారికీ ఇదే అనుభవం ఎదురవుతుంది, ఎందుకంటే ప్రతి డైరెక్టరీకీ సొంత తాత్కాలిక ప్రతి ఉంటుంది, ఒకదానిలో మార్చినది మరొకదానికి తెలియదు. పాత లింకును వదిలించుకోవడానికి 'మేక్ క్లీన్' ఇవ్వమని ఎవరో చెప్పిన సలహా విని, ఉన్న ఎంపికలన్నీ పోగొట్టుకున్నవారూ ఉన్నారు.

నిర్ధారించుకోవడం సులభం. పనిచేస్తున్న యంత్రంలో 'మేక్ బిజీబాక్స్-డిఫ్-కాన్ఫిగ్' ఇవ్వండి. భద్రపరచిన కాన్ఫిగ్‌కూ ఇప్పటి తాత్కాలిక ప్రతికీ మధ్య ఉన్న తేడాలను అది చూపుతుంది. అక్కడ మీ యాప్లెట్ పేరు కనిపించిందంటే అది ఇంకా ఎక్కడా భద్రంగా లేదు.

సరిచేసేటప్పుడు వరుస ముఖ్యం. 'మేక్ బిజీబాక్స్-అప్‌డేట్-కాన్ఫిగ్' అనే ఆదేశం తాత్కాలిక ప్రతిని భద్రపరచిన ఫైలు మీదికి రాస్తుంది. దారి మార్చకుండా నేరుగా ఆ ఆదేశం ఇస్తే బిల్డ్‌రూట్ సొంత ఫైలే మారిపోయి, వెర్షన్ మార్చిన రోజున ఘర్షణలు వస్తాయి. అందుచేత ముందుగా తాత్కాలిక డాట్ కాన్ఫిగ్‌ను వేరే చోటికి నకలు చేసి ఉంచుకోండి. తరువాత అసలు కాన్ఫిగ్ ఫైలును మీ బోర్డు డైరెక్టరీలోకి కాపీ చేసి, బిల్డ్‌రూట్ ప్రధాన మెనూలో బిజీబాక్స్ కాన్ఫిగరేషన్ ఫైలు అనే చోట ఆ దారి ఇవ్వండి. ప్రధాన మెనూలోని ఎంపికలను భద్రపరచే 'మేక్ సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్' చేయడం మరవవద్దు. అది మరిస్తే ఇదే కథ ఒక మెట్టు పైన మళ్ళీ జరుగుతుంది. ఆ తరువాతనే బిజీబాక్స్ మెనూ తెరచి ఎంపికలు సరిచూసుకుని, అప్‌డేట్-కాన్ఫిగ్ ఇచ్చి, మారిన ఫైలును గిట్‌లో కమిట్ చేయండి. ఇక నిర్భయంగా క్లీన్ చేయవచ్చు.

ఫ్రాగ్మెంట్ ఫైళ్ళు, అంటే మూల కాన్ఫిగ్ మీద మార్చదలచిన ఎంపికలు మాత్రమే ఉండే చిన్న ఫైళ్ళు, వాడేవారికి ఒక మాట. ఫ్రాగ్మెంట్లు ఇచ్చినప్పుడు అప్‌డేట్-కాన్ఫిగ్ పనిచేయడానికి నిరాకరిస్తుంది. మార్పును మీరే ఫ్రాగ్మెంట్‌లో ఒక వరుసగా రాయాలి. ఏదైనా ఎంపికను ఆపాలంటే దాని వరుసను చెరిపితే చాలదు, 'ఈజ్ నాట్ సెట్' అనే వ్యాఖ్య రూపంలోనే రాయాలి, లేకపోతే మూల ఫైలులోని విలువే నిలుస్తుంది. ఒకటి రెండు యాప్లెట్ల కోసమైతే పూర్తి ఫైలు మోయడం కన్నా ఫ్రాగ్మెంటే మేలని నా అభిప్రాయం.

లక్షణం: ఆదేశం ఉన్నది, కాని 'ఇన్‌వాలిడ్ ఆప్షన్' అంటున్నది

యాప్లెట్‌ను ఎంచుకోవడం, దాని సౌకర్యాలను ఎంచుకోవడం వేరువేరు. నెట్‌వర్క్ కనెక్షన్లకు వాడే నెట్‌క్యాట్ ఎంచుకున్నా, కనెక్షన్ కోసం ఎదురుచూసే పక్షంగా అది పనిచేయాలంటే సర్వర్ ఎంపికను దాని కింద విడిగా గుర్తుపెట్టాలి. నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే పీఎస్‌లో కావలసిన నిలువు వరుసలను ఎంచుకునే సదుపాయం సెట్టింగ్స్‌లోని డెస్క్‌టాప్ ఎంపికను బట్టి ఉంటుంది. ఆదేశం వెనుక '--హెల్ప్' ఇస్తే ఈ బైనరీకి ఏవి తెలుసునో అదే చెబుతుంది.

అరుదైనవి

ఎల్ఎస్ వంటి ఆదేశాల పూర్తి రూపాలు ఉండే కోర్‌యుటిల్స్ వంటి పెద్ద ప్యాకేజీ బిల్డ్‌రూట్ మెనూలో కనిపించకపోతే, బిజీబాక్స్ కూడా అందించే ప్యాకేజీలను చూపమనే ఎంపికను ఆన్ చేయండి. అటువంటి ప్యాకేజీని తరువాత తీసివేసినా బోర్డుపై పాత పెద్ద ఆదేశమే నడుస్తుంటే ఆశ్చర్యపడనక్కరలేదు. అప్పటికే ఉన్న ఫైలును బిజీబాక్స్ లింకు తొలగించదు, క్లీన్ బిల్డ్ చేయాలి. ఎంఎంయూ (మెమరీ నిర్వహణ విభాగం) లేని ప్రాసెసర్‌పై యాష్ షెల్ స్థానంలో హష్ వస్తుంది, అది లోపం కాదు. సాధారణ యూజర్‌కు వేరే యూజర్‌గా మారే ఎస్‌యూ ఆదేశం పనిచేయకపోతే, టార్గెట్ డైరెక్టరీని నేరుగా ఎన్ఎఫ్ఎస్‌కు (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచే పద్ధతి) కాపీ చేశారేమో చూడండి. అది మీ రూట్ ఫైల్‌సిస్టమ్ కాదని చెప్పే ఫైలు ఆ డైరెక్టరీలోనే, ఆ మాటలే పేరుగా పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఎన్ఎఫ్ఎస్ కోసం ఇమేజెస్ డైరెక్టరీలోని టార్ ఫైలును రూట్ అధికారంతో విప్పుకోవాలి.