అంచు చూడని సెంటుకు పాట పాడను

నా సొరుగులో 1799 నాటి అమెరికన్ రాగి సెంటు ఒకటి ఉంది. నిజానికి అది 1798 నాటిది. సేకరణ మొదలుపెట్టి మూడు నెలలు కాకముందే ఆన్‌లైన్ వేలంలో కనిపిస్తే ఎగబడి పాడి, 640 డాలర్లకు దక్కించుకున్నాను. పాత పెద్ద సెంట్లలో 1799 దొరకడం అన్నిటికన్నా కష్టమని అప్పటికి చదివాను. అంత అరుదైనది అంత చవకగా ఎందుకు వస్తుందన్న ఆలోచన మాత్రం రాలేదు. మూడు వారాలు మురిసిపోయాక పది రెట్ల భూతద్దం కొని చూశాను. చివరి అంకె 8గా పుట్టింది. దాని కింది సున్నకు ఎడమ పక్కను ఎవరో సన్నని పరికరంతో గీకి 9 చేశారు. గీకిన చోట రాగి రవ్వంత గుంటపడి, చుట్టూ ఉన్న ముదురు గోధుమ రంగు కన్నా ఒక వన్నె వెలిసి ఉంది. అప్పటికి వాపసు గడువు దాటిపోయింది.

ఆనాటి నుంచి నేను సెంటును తలకిందులుగా చదువుతున్నాను. ముందు అంచు, బరువు, తర్వాత వెనక వైపు, అన్నిటికన్నా చివర తారీఖు. అమ్మకందారు రాసిన వివరణ ఆ తర్వాతే.

ఈ పెద్ద సెంట్లను ఫిలడెల్ఫియా టంకశాల 1793 నుంచి 1857 దాకా కొట్టింది. ఒక్క 1815 తారీఖుతో మాత్రం సెంటు లేదు. ఎవరైనా 1815 సెంటు అమ్మకానికి పెడితే అది 1813కో 1845కో గీకుడు పని చేసినదే కావచ్చు, దాన్ని వదిలేయండి. మొదట్లో సెంటు బరువు 13.48 గ్రాములు. రాగి ధర పెరగడంతో 1795 చివర్లో దాన్ని 10.89 గ్రాములకు తగ్గించారు. 1794 సెంటు మందంగా ఉంటుంది, దాని అంచు మీద ‘వన్ హండ్రెడ్ ఫర్ ఎ డాలర్’ అని అక్షరాలు ఉంటాయి. కాబట్టి అమ్మకందారుకు రెండే ప్రశ్నలు పంపుతాను: బరువు ఎంత, అంచు ఫోటో ఉందా? అరిగిన నాణెం అర గ్రాము తగ్గితే నాకు పట్టింపు లేదు. 1794 అని చెప్పి 10.7 గ్రాములు, నున్నని అంచు అంటే మాత్రం ఆ పేజీ మూసేస్తాను. అంచు చుట్టూ సన్నని అతుకు గీత కనిపిస్తే అది పోతపోసినదో, రెండు రేకులు అతికించిన పాత నకలో అయి ఉంటుంది.

ఇక వెనక వైపు. అసలు సరదా అక్కడే. ఆ రోజుల్లో అచ్చులను చేత్తో తయారు చేసేవారు. అక్షరాలు, అంకెలు, వెనక వైపు ఆకుల దండలోని చిన్న పళ్లు ఒక్కొక్కటిగా దిగ్గొట్టేవారు కనుక ఏ రెండు అచ్చులూ ఒకేలా ఉండవు. 1793 నుంచి 1814 దాకా వచ్చిన ఈ అచ్చుల జతలకు (ముందు వైపుది ఒకటి, వెనక వైపుది ఒకటి) విలియం షెల్డన్ అనే సేకర్త 1949లో నంబర్లు ఇచ్చాడు. సేకర్తలు ‘ఎస్-48’ అనేది ఆ నంబరే. 1794 నాటి ఆ ఎస్-48 వెనక వైపున అంచున రంపం పళ్లలాంటి నొక్కుల మధ్య 94 బుల్లి నక్షత్రాలు ఉంటాయి, ఎందుకో ఎవరికీ తెలియదు. నాణెం ఎంత బాగుందో 1 నుంచి 70 దాకా అంకెతో చెప్పే గ్రేడింగ్ కొలత కూడా షెల్డన్‌దే. న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సెంట్లలో మంచివి తీసుకుని వాటి చోట నాసివి పెట్టాడని ఆయన పోయాక బయటపడింది. అయినా నంబర్లు మాత్రం ఆయనవే వాడుతున్నాం, వేరే దారి లేదు.

నంబరు పట్టుకోవడానికి నేను వెనక వైపున మూడు చోట్ల చూస్తాను: ఏ ఆకు కొన ఏ అక్షరం కిందికి వచ్చింది, కొమ్మలకు ఏ పక్క ఎన్ని పళ్లున్నాయి, కింద 1/100 భిన్నంలో అంకెలు గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయి. వాటిని నంబరు తెలిసిన నాణేల ఫోటోల పక్కన పెట్టి పోల్చాలి. మొదట్లో ఒక్కో నాణేనికి గంట పట్టేది. 1799 నాణేలు కొద్ది అచ్చు జతల నుంచే వచ్చాయి. ఆ రోజు వెనక వైపు చూసి ఉంటే, అది వాటిలో దేనికీ చెందదని భూతద్దం లేకుండానే తెలిసేది.

1804 సెంటుదీ అదే కథ. అసలు సెంటు ఒకే అచ్చు జత నుంచి వచ్చింది, అది ఎస్-266. తారీఖులోని సున్న, వెనక ‘ఆఫ్’లోని ఓ అక్షరం ఒకదానికొకటి ఎదురుగా వస్తాయి. అచ్చు పగిలాక కొట్టిన వాటిలో బొమ్మ వైపు పై అంచున, వెనక ‘అమెరికా’ మధ్య అక్షరాల మీద రాగి ముద్దలా పొంగి ఉంటుంది. 19వ శతాబ్దంలో ఎవరో పారేసిన పాత అచ్చులు తెచ్చి 1804 తారీఖుతో కొన్ని కొట్టారు. వాటి వెనక భిన్నం అసలు ఉండదు. అవీ సేకరించదగినవే, కానీ ఆ పేరుతోనే కొనాలి.

ఈ పద్ధతి నాకు ఒకసారి లాభం కూడా చేసింది. ‘1801 సెంటు, బాగా అరిగినది’ అని రెండు మసక ఫోటోలు పెట్టారు. వెనక వైపును పెద్దది చేసి చూస్తే ‘యునైటెడ్’లో యు అక్షరం ఉండాల్సిన చోట ఐ లాంటి రెండు నిలువు గీతలు ఉన్నాయి. కింద భిన్నం 1/100 బదులు 1/000. దండలో ఎడమ కాడ లేదు. ఒకే అచ్చులో మూడు తప్పులు, అది ఎస్-219. అమ్మకందారుకు ప్రశ్న పంపలేదు, పంపితే ఆయనా చూసుకుంటాడు. 95 డాలర్లకు వచ్చింది.

తారీఖు గీకిన నాణేల కన్నా ఇప్పుడు ఎక్కువ భయం కొత్త నకిలీలదే. అసలు నాణేన్ని నమూనాగా పెట్టుకుని అచ్చు తయారు చేస్తారు. దాంతో ఆ నాణెం మీది దెబ్బలు కూడా నకలులోకి దిగుతాయి. బుగ్గ మీద కొక్కెం ఆకారపు గీత, జుట్టు దగ్గర చిన్న గుంట లాంటి వాటిని గుర్తు పెట్టుకుని, అదే రకానికి పాత వేలాల్లో వచ్చిన ఫోటోలు వెతకండి. వేరే నాణెం మీద అవే దెబ్బలు అదే చోట కనిపిస్తే రెండూ ఒకే తల్లి బిడ్డలు. నాణెం అసలుదని చూసి ధ్రువీకరణ సంస్థ మూసి ఇచ్చే పెట్టె ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు, పెట్టెలకూ నకళ్లు ఉన్నాయి. పెట్టె మీది నంబరును సంస్థ వెబ్‌సైటులో కొట్టి, అక్కడి ఫోటోతో గీత గీతా పోల్చాలి.

రంగు విషయంలో నాది చాదస్తమనే అంటారు. రాగి చెంబు తోమినట్టు మెరిసే రెండు వందల ఏళ్ల సెంటును నేను ముట్టుకోను. నున్నగా, నిదానంగా గోధుమ రంగుకు తిరిగిన చర్మం కావాలి. ఇసుక గరుకు ఉంటే మట్టిలో పడి ఉండి వచ్చిందని అర్థం. పచ్చని కిలుము వేరే జబ్బు, అది లోపలికి తింటుంది. 1967 నుంచి ఉన్న ఎర్లీ అమెరికన్ కాపర్స్ అనే సేకర్తల సంఘం వాళ్లు అరుగుదలను బట్టి ఒక అంకె వేసి, గీతలకూ కిలుముకూ దాంట్లోంచి కోత పెడతారు. నేను ధర లెక్కకట్టేది ఆ కోత పడిన అంకెతోనే.

ఈ పెద్ద సెంట్లకు ముందు వచ్చిన 1787 ఫ్యూజియో, కనెక్టికట్, న్యూ జెర్సీ రాగి నాణేలు మరో సముద్రం. ఒక్క మాట: ఫ్యూజియో మీది 13 గొలుసు కడియాలు మరీ సన్నగా ఉంటే అది తర్వాతి కాలంలో వచ్చిన ‘న్యూ హేవెన్’ రకం కావచ్చు.

పాటకు ముందు లెక్క కాగితం మీద వేసుకుంటాను. కొనుగోలుదారు రుసుము 20 శాతం అయితే 200 డాలర్ల పాట 240 అవుతుంది, తపాలా ఖర్చు అదనం. నా గరిష్ఠ మొత్తాన్ని ఒకసారి నమోదు చేసి కంప్యూటర్ కట్టేస్తాను. చివరి నిమిషంలో కూర్చుంటే చెయ్యి ఆగదని నాకు తెలుసు. నాణెం వచ్చిన రోజే తూకం, అంచు, వెనక వైపు చూస్తాను, వాపసు గడువు గోడ మీద రాసి ఉంటుంది.

ఇప్పుడు ఒక 1794 సెంటు మీద కన్ను పడింది. బరువు 13.2 గ్రాములని జవాబు వచ్చింది. అంచు ఫోటో ఇంకా రాలేదు, పాట రేపు రాత్రి ముగుస్తుంది.