చెకుముకి తుపాకికి కొత్త లాక్ అమర్చే విధానం

అమెరికా స్వాతంత్ర్య యుద్ధ ఘట్టాలను ఆనాటి దుస్తుల్లో మైదానంలో పునరభినయించే బృందాలలో తరచుగా కనిపించే తుపాకి బ్రౌన్ బెస్ ప్రతిరూపం. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రిటిష్ పదాతి దళం మోసిన ఈ చెకుముకి తుపాకిని ఇప్పుడు ఇటలీలోనూ భారతదేశంలోనూ కొత్తగా తయారు చేస్తున్నారు. ఇటువంటి తుపాకిలో గొట్టం, కర్ర ఏళ్ల తరబడి నిలుస్తాయి కానీ నిప్పు పుట్టించే యంత్రమైన లాక్ అంతకాలం నిలవదు. నిప్పురవ్వలు పలచబడడం, రాయిని పట్టే కాక్ సగం ఎక్కులో, అంటే సగం వెనక్కి లాగిన స్థితిలో, నిలవకపోవడం, ట్రిగ్గర్ ఒకరోజు తేలికగానూ మరొకరోజు బరువుగానూ కదలడం వంటి లక్షణాలు కనిపించినప్పుడు లోపలి భాగాలను మరమ్మతు చేయించడం ఒక మార్గం, మొత్తం లాక్‌ను మార్చడం మరో మార్గం. ఈ వ్యాసం రెండో మార్గం గురించినది.

పనికి ముందు చట్టాన్ని చూసుకోవాలి. అమెరికాలో 1968 నాటి ఫెడరల్ చట్టం చెకుముకి తుపాకుల ప్రతిరూపాలను పురాతన ఆయుధాల కోవలో ఉంచింది, అయితే రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండవచ్చు. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధాలను మరమ్మతు చేసే వ్యాపారానికి కూడా లైసెన్సు కావాలి. కనుక ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎవరి దగ్గరైనా లైసెన్సు ఉన్న నాటు తుపాకి ఉంటే, దాని పనిని లైసెన్సు పొందిన మరమ్మతుదారుకే అప్పగించాలి.

లాక్ అంటే తుపాకి కుడి పక్కన కర్రలో ఒదిగి ఉండే నిప్పు పుట్టించే యంత్రం. దాని వెలుపలి వైపున చెకుముకి రాయిని దవడల మధ్య బిగించి పట్టే కాక్, రాయి గీసుకునే ఉక్కు పలక అయిన ఫ్రిజెన్, ఆ పలక కింద రంజకం, అంటే ముందుగా నిప్పంటుకునే మందు, పోసే గిన్నె ఉంటాయి. లోపలి వైపున కాక్‌తో పాటు తిరిగే టంబ్లర్, దాని గాడుల్లో ముక్కు పెట్టి ఆపే సియర్, టంబ్లర్‌ను నిలకడగా పట్టి ఉంచే బ్రిడిల్, వీటన్నిటికీ బలాన్నిచ్చే మెయిన్‌స్ప్రింగ్ ఉంటాయి. టంబ్లర్ మీదనే సగం ఎక్కుకూ, కాల్పుకు సిద్ధమైన నిండు ఎక్కుకూ రెండు గాడులను పెట్టి, సియర్ నిలువుగా కదిలేలా చేసిన ఈ ఏర్పాటును 1610 ప్రాంతంలో ఫ్రాన్స్‌కు చెందిన మారిన్ ల బూర్జువా రూపొందించాడని చెబుతారు. నాలుగు వందల ఏళ్ల తరువాత కూడా కొత్త లాక్ అమర్చేవారు సరిచూడవలసినది ముఖ్యంగా ఆ రెండు గాడులనూ సియర్ ముక్కునూ అని గుర్తుంచుకుంటే సగం పని అర్థమైనట్టే.

లాక్‌ను ఎంచుకునేటప్పుడు తుపాకి నమూనాను చూసుకోవాలి. 46 అంగుళాల గొట్టం ఉన్న లాంగ్ ల్యాండ్, 42 అంగుళాల షార్ట్ ల్యాండ్, 39 అంగుళాల ఇండియా ప్యాటర్న్, ఈ మూడింటి లాక్‌లూ చూపుకు ఒకేలా ఉన్నా కొలతలలో ఒకటి కావు. 1809 తరువాతి ఇండియా ప్యాటర్న్‌లో కాక్ మెడలో రంధ్రం ఉన్న బలమైన రకం వచ్చింది. అంతకు ముందువాటికి హంస మెడ వంటి వంపు ఉండేది. 1770ల నాటి సైనికుని పాత్రకు ఆ రంధ్రపు కాక్ ఉన్న లాక్ అమర్చితే చరిత్ర తెలిసినవారి కంట్లో వెంటనే పడుతుంది. ఇండియా ప్యాటర్న్ అన్న పేరు ఈస్టిండియా కంపెనీ తన సేనల కోసం చేయించుకున్న నమూనా నుంచి వచ్చినది. కంపెనీ తొలి సిపాయీలలో తెలుగు నేల నుంచి వెళ్లినవారు ఉండడం వల్ల ఉత్తరాదిలో సిపాయిని ‘తిలంగా’ అని పిలిచిన కాలం అది. ఆ తిలంగాల చేతుల్లోనూ ఉన్నది చెకుముకి తుపాకే.

కొత్త లాక్‌ను కొనేముందు పాతదాన్ని కాగితం మీద పెట్టి అంచు గీసుకుని, లాక్ భాగాలన్నీ బిగించి ఉండే ప్లేటు పొడవు, ఎత్తు, మందం, గిన్నె మధ్య నుంచి టంబ్లర్ మధ్యకు ఉన్న దూరం, ప్లేటు లోపలి ముఖం నుంచి సియర్ కడ్డీ చివర వరకు ఉన్న పొడవు కొలవాలి. కొత్త ప్లేటు పాతదానికన్నా రవ్వంత పెద్దదైతే మేలు, ఎందుకంటే కర్రను కాస్త చెక్కి దాన్ని ఒదిగించవచ్చు. చిన్నదైతే చుట్టూ ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీని ఏ మైనంతో పూడ్చినా లాక్‌కు నిలకడ రాదు. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ప్లేటు అంచులు కర్రలో లాక్ ఒదిగే పాత గూటికి సరిపోవడమే చూసి తృప్తి పడ్డాను. బిగించాక చూస్తే, గిన్నెలోని మంటను గొట్టంలోకి చేర్చే నిప్పు రంధ్రానికి గిన్నె మూడు మిల్లీమీటర్లు ముందుకు వచ్చింది. అప్పటి నుంచి గూటిని కాకుండా గొట్టాన్నే ఆధారంగా తీసుకుంటున్నాను.

లాక్ విప్పడానికి ముందు తుపాకి ఖాళీగా ఉందని నిర్ధారించుకోవాలి. మందు దట్టించే గజాన్ని గొట్టంలోకి అడుగు తాకేవరకు వదిలి, గొట్టం మూతి దగ్గర గజం మీద గుర్తు పెట్టి, తరువాత దాన్ని బయట గొట్టం పక్కన పెట్టి చూస్తే దాని కొన నిప్పు రంధ్రం దగ్గరికి చేరాలి. చేరకపోతే లోపల మందు గానీ గుండు గానీ ఉన్నట్టే అనుకుని పనిని అక్కడితో ఆపాలి. ఖాళీగా ఉందని తేలాక రాయిని తీసి, కాక్‌ను సగం ఎక్కులో ఉంచి, ఎడమ పక్కనున్న రెండు పొడవాటి స్క్రూలను రెండు మూడు చుట్లు మాత్రమే వదులు చేయాలి. స్క్రూ డ్రైవర్ పిడితో వాటి తలల మీద మెల్లగా తట్టితే లాక్ తనంతట గూటి నుంచి లేస్తుంది. ప్లేటు అంచున ఏ పనిముట్టునూ దూర్చి లేపకూడదు, ఎందుకంటే వాల్‌నట్ కర్ర అంచు ఒకసారి పెచ్చులూడితే తిరిగి అతుక్కోదు.

కొత్త లాక్ భాగాలను విడదీసి గూటిలో అమర్చాలి. మెయిన్‌స్ప్రింగ్‌ను అందుకోసమే చేసిన చిన్న బిగింపుతో పట్టుకుని తీయాలి. ప్లయర్‌తో తీయబోతే స్ప్రింగ్ విరగవచ్చు, కళ్లకు కూడా ప్రమాదం. తరువాత సియర్ స్ప్రింగ్, బ్రిడిల్, సియర్, చివరకు కాక్, టంబ్లర్ తీయాలి. స్క్రూలు చూపుకు ఒకేలా ఉన్నా పొడవులు వేరు కనుక, ఒక అట్టముక్క మీద లాక్ బొమ్మ గీసి ఏ స్క్రూను ఆ స్థానంలోనే గుచ్చి పెట్టుకోవాలి. సెట్ ట్రిగ్గర్ (ముందే ఎక్కించి పెడితే తేలికగా తాకినా కదిలే ట్రిగ్గర్) ఉన్న రైఫిల్ లాక్ అయితే టంబ్లర్‌లో ఫ్లై అనే చిన్న ముక్క ఉంటుంది, అది చేతిలోంచి జారితే మళ్లీ దొరకదు.

గొట్టాన్ని కర్రలోనే ఉంచి, ఉత్త ప్లేటును గూటి దగ్గర పట్టి చూడాలి. నిప్పు రంధ్రం గిన్నెకు అడ్డంగా సరిగ్గా మధ్యలో ఉండాలి, ఎత్తులో గిన్నె పై అంచుతో సమంగా గానీ కొంచెం పైన గానీ ఉండాలి. రంధ్రం గిన్నె అడుగుకు దిగితే రంజకం దాన్ని మూసేసి, వత్తిలా మెల్లగా కాలి, ట్రిగ్గర్ నొక్కిన తరువాత ఆలస్యంగా పేలుతుంది. రంధ్రం వ్యాసం సాధారణంగా 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు. కొన్ని ప్రతిరూపాలు రంధ్రం వేయకుండానే విదేశాలకు వస్తాయి. అటువంటి గొట్టానికి రంధ్రం వేయడం, అది కాల్పులకు తట్టుకుంటుందో లేదో పరీక్షించడం తుపాకుల నిపుణుని పని.

గిన్నె స్థానం నిర్ణయమయ్యాకే ఉలి పట్టాలి. ప్లేటు అంచుకూ వెనుక ముఖానికీ దీపపు మసి పలచగా పట్టించి, గూటిలో నొక్కి తీస్తే, కర్ర ఎక్కడ అడ్డుతున్నదో అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. ఇళ్లలో కాటుక పట్టినట్టే ఆముదపు దీపం మీద రేకు పట్టి ఆ మసిని రెండు చుక్కల నూనెతో కలిపితే ఈ పనికి చక్కగా సరిపోతుంది. మచ్చ పడిన చోట మాత్రమే, కాగితమంత పలచని పొరగా చెక్కాలి. మళ్లీ మసి పట్టించాలి, మళ్లీ నొక్కాలి, మళ్లీ చెక్కాలి. యాభై సార్లు చేయవలసి వచ్చినా విసుగు పడకూడదు. ప్లేటు ఎంత లోతుకు దిగాలన్నది కర్ర నిర్ణయించదు. ప్లేటు పైభాగాన లోపలికి పొడుచుకు వచ్చిన మందపాటి అంచు, గిన్నె లోపలి అంచు గొట్టాన్ని తాకినప్పుడే అది ఆగాలి. బ్రౌన్ బెస్ గొట్టం గుండ్రన కనుక ఆ అంచును గొట్టపు వంపుకు సరిపోయేలా ఆకురాయితో కొద్దికొద్దిగా దిద్దవలసి రావచ్చు. గొట్టానికీ గిన్నెకూ మధ్య సన్నని కాగితం దూరినా రంజకం ఆ సందులోంచి కర్రలోకి జారుతుంది.

ప్లేటు కూర్చున్న తరువాత టంబ్లర్, బ్రిడిల్, సియర్, స్ప్రింగ్‌లను ఒక్కొక్కటిగా చేర్చుతూ, ప్రతిసారీ మసితో చూసుకుంటూ వాటికి చోటు చేయాలి. మెయిన్‌స్ప్రింగ్ గూడు కింద గజం దూరే కాలువ ఉంటుంది కనుక, ఆ రెండింటి మధ్యనున్న పలచని కర్రను తెగనివ్వకూడదు. టంబ్లర్ తిరిగే చోట, సియర్ కడ్డీ ఆడే చోట మాత్రం కొంచెం ఉదారంగా చోటు ఇవ్వాలి. ప్రతిరూపాలలో నేను చూసిన లోపాలలో ఎక్కువ భాగం ఈ రెండు చోట్ల కర్ర ఒరుసుకోవడం వల్ల వచ్చినవే.

కొత్త ప్లేటుకు స్క్రూ రంధ్రాలు లేకపోతే, లాక్‌ను గూటిలో నొక్కి పట్టి, ఎడమ పక్క నుంచి కర్రలోని పాత రంధ్రానికి సరిగ్గా పట్టే డ్రిల్‌ను దూర్చి, చేత్తో తిప్పి ప్లేటు మీద గుర్తు వేయాలి. ఆ గుర్తు మెయిన్‌స్ప్రింగ్‌కు గానీ సియర్‌కు గానీ అడ్డు రావడం లేదని చూశాకే రంధ్రం వేయాలి. స్క్రూ మర 8-32 అనే అంగుళాల కొలత రకమైతే 3.45 మిల్లీమీటర్ల డ్రిల్ సరిపోతుంది. ఇటలీ తుపాకుల్లో మెట్రిక్ మరలు ఉండవచ్చు కనుక పాత స్క్రూను కొలిచాకే రంధ్రంలో మర కోసే ట్యాప్ కొనాలి.

ఇక ట్రిగ్గర్. కాక్ దించి ఉన్నప్పుడు, సగం ఎక్కులో ఉన్నప్పుడు, నిండు ఎక్కులో ఉన్నప్పుడు, ఈ మూడు స్థితుల్లోనూ ట్రిగ్గర్ కొద్దిగా వదులుగా ఆడాలి. ఏ స్థితిలోనైనా ట్రిగ్గర్ సియర్ కడ్డీని పైకి నెడుతున్నట్టయితే సియర్ ముక్కు గాడిలోకి పూర్తిగా దిగదు, అటువంటి తుపాకి చేతిలో ఉండగానే పేలవచ్చు. అప్పుడు ట్రిగ్గర్ పై అంచునే ఆకురాయితో తగ్గించాలి. టంబ్లర్ గాడులనూ సియర్ ముక్కునూ ఎంత మాత్రమూ అరగదీయకూడదు. సగం ఎక్కులో ఉంచి ట్రిగ్గర్‌ను గట్టిగా లాగినా కాక్ కదలకూడదు. స్క్రూలు వదులుగా ఉన్నప్పుడు బాగా పని చేసిన లాక్ బిగించగానే మొండికేస్తే, లోపల ఎక్కడో కర్ర తగులుతున్నదని అర్థం. మళ్లీ మసి పట్టించి చూడాలి.

ఫ్రిజెన్ గట్టిదనాన్ని దాని పక్క అంచున ఆకురాయితో చూడవచ్చు: ఆకురాయి జారిపోతే మంచిది, కొరికితే మెత్తనిది. నిప్పురవ్వలు రాయివి కావు, రాయి గీకిన ఉక్కు కణాలే ఎర్రబడి రాలుతాయి కనుక, మెత్తని ఫ్రిజెన్‌కు ఎంత మంచి రాయి పెట్టినా ఫలితం ఉండదు. దాన్ని మళ్లీ గట్టిపరచడం ఉక్కు రకం తెలిసినవారి పని. బ్రౌన్ బెస్ వంటి మస్కెట్‌కు ఇంగ్లాండులోని బ్రాండన్ వంటి చోట్ల పేరుపొందిన నల్ల చెకుముకి రాయిని సీసపు రేకులో చుట్టి బిగించడం పాత అలవాటు. చిన్న రైఫిల్ లాక్‌కు తోలు సరిపోతుంది. సగం ఎక్కులో రాయి అంచు ఫ్రిజెన్‌ను తాకకుండా ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు పలక పై భాగాన తగిలి కిందికి గీసుకుంటూ వచ్చి, చివర గిన్నె వైపు చూపుతూ ఆగాలి. రాయి మూల గొట్టానికి తగలకూడదు. రాయి లేకుండా కాక్‌ను వదిలితే ప్లేటుకు దెబ్బ తగులుతుంది కనుక, పరీక్షించేటప్పుడు దవడల్లో చెక్క ముక్క పెట్టాలి.

తుపాకి ఖాళీగా ఉందని మరోసారి చూసుకుని, రాయి బిగించి చీకటి గదిలో పరీక్షిస్తే రవ్వలు గిన్నె మధ్యలోకి రాలుతున్నాయో పక్కకు చెదురుతున్నాయో కనిపిస్తుంది. అవి సరిగా రాలితేనే కాల్పుల మైదానంలో, గొట్టంలో మందు లేకుండా, గిన్నెలో మాత్రం కొద్దిగా రంజకం వేసి, కళ్లద్దాలు పెట్టుకుని ఐదారు సార్లు మండించి చూడాలి. కొత్తగా చెక్కిన కర్రకు తేమ పట్టకుండా అవిసె నూనెను పలచగా రెండు మూడు సార్లు పట్టించి ఆరనివ్వాలి. టంబ్లర్ ఇరుసుకు, సియర్ ముక్కుకు, మెయిన్‌స్ప్రింగ్ కొక్కెం తాకే చోటుకు, ఫ్రిజెన్ స్ప్రింగ్ మీదకు ఒక్కొక్క చుక్క నూనె చాలు. మొదటి ఇరవై ముప్పై కాల్పుల తరువాత కర్ర కొంచెం సర్దుకుంటుంది కనుక పక్క స్క్రూలను మళ్లీ చూసి, వదులైనంత మేరకే బిగించి, ట్రిగ్గర్ ఆటను మూడు స్థితుల్లోనూ మరొకసారి సరిచూడాలి.